నగ మీద ముద్ర ఎవరిది? హాల్‌మార్కు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్లి కుదిరిన ఇంట్లో ముహూర్తం కన్నా ముందు బంగారం లెక్క మొదలవుతుంది. ఎన్ని కాసులు, ఏ దుకాణం, తరుగు ఎంత అని. ఆ మాటల మధ్య ఎవరో ఒకరు అంటారు: "తెలిసిన షావుకారే కదా, ముద్రతో పనేమిటి?" ఇంకొకరు అందుకుంటారు: "ప్రభుత్వ ముద్ర ఉంటే షావుకారు ఎవరైతే ఏమిటి?" రెండూ సగం నిజాలే. ఆ ముద్ర పేరే హాల్‌మార్కు: నగలో బంగారం ఎంత స్వచ్ఛమో పరీక్షించి వేసే గుర్తు. వ్యాపారంలో ప్రభుత్వం ఎంతవరకు చేయి పెట్టాలి, ఎక్కడ చేయి తీసేయాలి అన్న వాదానికి మన దేశంలో బంగారాన్ని మించిన ఉదాహరణ లేదని నా అభిప్రాయం. ఉక్కిరిబిక్కిరి చేసిన కట్టడినీ, గాలికి వదిలేసిన కాలాన్నీ, ఇప్పటి పద్ధతినీ, మూడింటినీ చూసిన సరుకు ఇది.

హాల్‌మార్కు ఉందని ఎలా తెలుస్తుంది? నగ మీద ఏమి చూడాలి?

మూడు గుర్తులు ఉండాలి. త్రికోణంలా కనిపించే బీఐఎస్ (సరుకుల నాణ్యతకు ప్రమాణాలు పెట్టే కేంద్ర ప్రభుత్వ సంస్థ) చిహ్నం ఒకటి. స్వచ్ఛత రెండోది: 22 క్యారెట్లయితే 22కె916, 18 క్యారెట్లయితే 18కె750 అని ఉంటుంది. 916 అంటే వెయ్యి పాళ్లలో 916 పాళ్లు మేలిమి బంగారం అని. మూడోది ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన హెచ్‌యూఐడీ. ఇది ఏ నగకు ఆ నగకే వేరు.

గుర్తులు సన్నగా ఉంటాయి కాబట్టి దుకాణంలో భూతద్దం అడగండి. మొహమాటపడకండి. ఆ తరువాత ఫోనులో 'బీఐఎస్ కేర్' యాప్ తెరిచి హెచ్‌యూఐడీ కొట్టండి. నగ రకం, స్వచ్ఛత, పరీక్ష చేసిన కేంద్రం వివరాలు వస్తాయి. చేతిలో గొలుసు పెట్టుకుని చూస్తే యాప్‌లో ఉంగరం అని వచ్చిందనుకోండి, ఆ అంకె వేరే నగది. లేచి వచ్చేయండి.

షావుకారు మోసం చేస్తే గిరాకీ పోతుంది కదా. ఆ భయమే చాలదా?

నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. కొట్టిపారేయదగ్గ ప్రశ్న కూడా కాదు. చాలా వ్యాపారాలను నడిపించేది ఆ భయమే. ఇడ్లీ పుల్లగా ఉంటే మరునాడు ఆ హోటలుకు వెళ్లం. దానికి ప్రభుత్వ ముద్ర అక్కరలేదు. తప్పు వెంటనే నాలుకకు తెలుస్తుంది, నష్టం చిన్నది, రేపు ఇంకో హోటలుకు వెళ్లే వీలుంది.

బంగారంలో ఈ మూడూ తిరగబడతాయి. మా అమ్మ పెళ్లయిన కొత్తలో నాలుగు గాజులు చేయించుకుంది. ఇరవై రెండు క్యారెట్లని చీటీ మీద రాసి ఇచ్చారు. దాదాపు ముప్పై ఏళ్లు చేతికి ఉన్నాయి. మా చెల్లి పెళ్లికి మార్చడానికి వేరే దుకాణానికి తీసుకువెళ్తే, కరిగించి చూసి, పద్దెనిమిదికి కాస్త పైన ఉందన్నారు. అప్పటికి చేయించిన దుకాణం మూతపడింది, షావుకారు పోయాడు, చీటీ చెదలు తిన్నది. ఇక గిరాకీ పోతుందన్న భయం ఎవరిని పట్టుకుంటుంది? తప్పు బయటపడేసరికి తప్పు చేసినవాడు ఉండడు. ఆ షావుకారు నిజంగానే మోసం చేశాడో, అతనికి సరుకిచ్చినవాడు అతన్ని మోసం చేశాడో, ఆ రెండో దుకాణమే మమ్మల్ని మోసం చేసిందో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలుసుకునే దారే లేకపోవడం అసలు జబ్బు.

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత బంగారం కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది.

పేరున్న దుకాణాలు దీనికి ఒక విరుగుడు కనిపెట్టాయి: "మా దగ్గర కొన్నది మేమే పూర్తి ధరకు తీసుకుంటాం." మంచి హామీలాగే ఉంటుంది. కానీ దాని అర్థం వేరే చోటికి తీసుకువెళ్తే మీ నగకు విలువ తగ్గుతుందని. నమ్మకం కాస్తా కట్టుకొయ్య అయింది. వ్యాపారం తనను తాను కాపాడుకునే పద్ధతుల్లో ఇది తెలివైనది. అయితే అది కాపాడేది దుకాణాన్ని.

నిజాయితీగా అమ్మేవాడికి ముద్రతో ఏమి లాభం? అది వాడిని అనుమానించడం కాదా?

ముద్ర వల్ల అందరికన్నా ఎక్కువ లాభపడేది వాడే. పక్కపక్కన రెండు చిన్న దుకాణాలు ఉన్నాయనుకోండి. ఒకాయన నిజంగా 916 అమ్ముతాడు. రెండో ఆయన 850 అమ్ముతూ 916 అంటాడు, గ్రాముకు కాస్త తగ్గిస్తాడు. కొనేవారి కంటికి రెండూ ఒకే పసుపు. చవకగా ఉన్నచోటికి వెళ్తారు. మొదటాయన ముందు రెండు దారులే మిగులుతాయి: తానూ రాగి పాలు పెంచడం, లేదా దుకాణం కట్టేయడం. నాసిరకం మేలురకాన్ని బజారులోంచి తరిమేసే ఈ క్రమాన్ని జార్జ్ అకర్లోఫ్ అనే అర్థశాస్త్రవేత్త 1970లో పాత కార్ల ఉదాహరణతో వివరించాడు. 2001లో నోబెల్ బహుమతి పంచుకున్నవారిలో ఆయన ఒకరు. కార్ల మాట అటుంచితే, మన కంసాలి వీధుల్లో ఈ సంగతి అంతకు ముందే తెలుసు. పేరు పెట్టలేదంతే.

కంసాలి వృత్తి మీద మన భాషలో ఉన్న సామెతలు నాకు నచ్చవు. కన్నతల్లి బంగారాన్నీ వదలడని ఒక వృత్తినంతటినీ ముద్దాయిని చేశాయి. మంచివాడు తన మంచితనాన్ని రుజువు చేసుకునే సాధనం లేకపోతే నింద అందరి మీదా సమానంగా పడుతుంది.

వ్యాపారులే కలిసి ఒక గుర్తు పెట్టుకుంటే పోయేది కదా?

పెట్టుకున్నారు. కేడీఎం గుర్తుందా? "కేడీఎం నగలు" అని బోర్డులు ఉండేవి. దాని కథ ఇది. నగ ముక్కలను అతకడానికి టంకం కావాలి. పాత టంకంలో రాగి పాలు ఎక్కువ, అందువల్ల అతుకులున్న చోట స్వచ్ఛత పడిపోయేది. కాడ్మియం కలిపిన టంకం వాడితే, వేడికి కాడ్మియం చాలావరకు ఆవిరైపోయి నగ స్వచ్ఛత నిలిచేది. ఆలోచన మంచిదే. కానీ ఆ ఆవిరి విషం. కొలిమి ముందు కూర్చున్న కంసాలి ఊపిరితిత్తులు దానికి వెల కట్టాయి. ఇక కేడీఎం అన్న అక్షరాలను ఎవరు కొట్టవచ్చు, ఎవరు కొట్టకూడదు అని చెప్పేవారు లేరు. ముద్ర కొట్టే పనిముట్టు ఉన్న ప్రతివాడూ కొట్టాడు. చివరికి ఆ మాటకు అర్థం మిగల్లేదు. చిహ్నం లేకుండా ఉత్త 916 అంకె కొట్టిన నగలదీ అదే కథ.

అయితే వ్యాపారుల సంఘం సొంతంగా నడిపిన ముద్ర ఎక్కడా నిలబడలేదనడం తప్పు. హాల్‌మార్కు అన్న మాటే అలా పుట్టింది. లండన్‌లో స్వర్ణకారుల సంఘానికి ఒక భవనం ఉంది. 1478 నుంచి నగలను ఆ 'హాలు'కు తెచ్చి పరీక్ష చేయించి ముద్ర వేయించుకునే ఏర్పాటు వచ్చింది. హాలులో వేసిన మార్కు కాబట్టి హాల్‌మార్కు. పరీక్షించేది స్వర్ణకారులే. కానీ వారి వెనుక చట్టం ఉంది. స్వచ్ఛతకు కొలత పెట్టి, చిరుత తల ముద్ర వేయాలని 1300లోనే ఇంగ్లండు రాజు శాసనం చేశాడు. సంఘానికి పనితనం ఉంది, రాజుకు దండించే అధికారం ఉంది. రెండూ కలిసినందువల్ల ఆ ముద్ర ఇన్ని శతాబ్దాలు బతికింది. ఒంటరి కేడీఎం బతకలేదు.

ప్రభుత్వం బంగారం జోలికి రావడం ఇదే మొదటిసారా?

కాదు. మొదటిసారి వచ్చినప్పుడు ఏమి జరిగిందో పాత తరం కంసాలి కుటుంబాలను అడగండి.

1962లో చైనాతో యుద్ధం జరిగింది. విదేశీ మారకం కరవు. బంగారం మీద జనానికి ఉన్న మోజు తగ్గిస్తే దొంగ రవాణా తగ్గుతుందని నాటి ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయ్ భావించారు. 1963 జనవరిలో బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చాయి. 14 క్యారెట్లకు మించిన నగ కొత్తగా చేయకూడదు. అంటే నూటికి 58 పాళ్లే బంగారం. ఆ రంగు మన వారికి నచ్చలేదు, ఆ గట్టి లోహం కంసాలి చేతికి లొంగలేదు. పని ఆగిపోయింది. తరతరాలుగా ఇదే విద్య నేర్చిన కుటుంబాలు రోడ్డున పడ్డాయి. దేశం నలుమూలలా స్వర్ణకారుల ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. 14 క్యారెట్ల నిబంధనను 1966లో ఎత్తేశారు. కానీ 1968లో బంగారం నియంత్రణ చట్టం వచ్చి, కడ్డీలు దాచుకోవడం నిషేధమైంది, వ్యాపారానికి లైసెన్సులు, పద్దులు తప్పనిసరి అయ్యాయి. జనం బంగారం మానేశారా? లేదు. పది తులాల బిస్కెట్లు పడవల్లో వచ్చాయి. మన సినిమాల్లో విలన్‌కు ఇరవై ఏళ్లు సరిపడా వృత్తి దొరికింది. చివరికి 1990లో, మధు దండవతే ఆర్థిక మంత్రిగా ఉండగా, ఆ చట్టాన్ని రద్దు చేశారు.

ఇక్కడ ఒక చిత్రం చెప్పాలి. ఆనాడు ప్రభుత్వం బలవంతంగా రుద్దితే ఎవరూ ముట్టని 14 క్యారెట్లను ఇప్పుడు ధర మండిపోతుంటే జనం తమంతట తామే అడిగి కొంటున్నారు. 2025లో 9 క్యారెట్లకు కూడా హాల్‌మార్కు స్థాయి ఇచ్చారు. దాని మీద 375 అని ఉంటుంది. కొనేవారు తక్కువ బంగారం వద్దనరు. తక్కువది ఎక్కువదిగా చెప్పి అమ్మితే వద్దంటారు.

మరి హాల్‌మార్కు కూడా అలాంటి పెత్తనమే కదా?

నా లెక్కలో కాదు. 1963 నిబంధన ఏమి అమ్మాలో చెప్పింది. హాల్‌మార్కు అమ్మేదాని పేరు నిజంగా చెప్పమంటుంది. 9 నుంచి 24 క్యారెట్ల దాకా నిర్ణయించిన స్థాయిల్లో ఏదైనా అమ్ముకోవచ్చు, ఎంత ధరకైనా అమ్ముకోవచ్చు, ఎంత మజూరీ అయినా వేయవచ్చు. 916 అన్నప్పుడు 916 ఉండాలి, అంతే. తూకపు రాయి మీద తూనికలు కొలతల శాఖ ముద్ర లాంటిదే ఇది. కూరగాయల ధర ఆ శాఖ నిర్ణయించదు. కిలో అంటే కిలో అని మాత్రం చూస్తుంది.

వ్యాపారులు అలా అనుకోలేదు. తప్పనిసరి హాల్‌మార్కు 2021 జూన్ 23 నుంచి 256 జిల్లాల్లో మొదలైంది. జూలైలో హెచ్‌యూఐడీ వచ్చింది. ఆగస్టు 23న దేశమంతటా నగల దుకాణాలు ఒక రోజు మూసి నిరసన తెలిపాయి. స్వచ్ఛతకు ఈ అంకెకు సంబంధం లేదని, ఇది ప్రతి నగ వెంట పడే నిఘా అని, పరీక్ష కేంద్రాల్లో సరుకు రోజుల తరబడి ఆగిపోతోందని వారి ఫిర్యాదు. ఆలస్యం గురించి వారు చెప్పింది నిజం. ఏర్పాట్లు సరిపోకముందే ఆజ్ఞ వచ్చింది. అంకె గురించి మాత్రం నేను ఒప్పుకోను. పాత ముద్రను నకలు చేయడం ఎవరి చేతనైనా అయ్యేది. ప్రతి నగకూ వేరే అంకె ఉంటేనే మామూలు కొనుగోలుదారు ఫోనులో సరిచూసుకోగలడు.

స్వచ్ఛందంగా వదిలేస్తే సరిపోయేది కదా? తప్పనిసరి ఎందుకు చేశారు?

స్వచ్ఛంద పద్ధతికి అవకాశం ఇవ్వలేదని ఎవరూ అనలేరు. బీఐఎస్ హాల్‌మార్కును 2000 ఏప్రిల్‌లో మొదలుపెట్టింది. ఇరవై ఒక్క ఏళ్లు ఇష్టమైతే వేయించుకోండి అన్నారు. తప్పనిసరి అయ్యేనాటికి నమోదైన నగల వ్యాపారులు దాదాపు 34 వేలు. 2024 నవంబరు నాటికి వారు 1.94 లక్షలు, తప్పనిసరి అమలున్న జిల్లాలు 361. ముద్ర లేని వారంతా దొంగలేమీ కాదు. పక్కవాడు వేయించనప్పుడు నేనెందుకు ఖర్చు పెట్టాలి, కొనేవారు అడగనప్పుడు నాకెందుకు అన్నది సగటు మనిషి ఆలోచన. కొనేవారేమో దుకాణంలో దొరకనిది ఎలా అడగాలో తెలియక ఊరుకున్నారు. ఆ ముడి తనంతట తాను విడిపోలేదు.

చిన్న కంసాలి మాటేమిటి?

ఏడాదికి 40 లక్షల రూపాయల లోపు వ్యాపారం ఉన్నవారికి మినహాయింపు ఉంది. కుందన్, పోల్కీ, జడావు అనే రాళ్లు పొదిగే పద్ధతుల నగలకూ ఉంది. 2 గ్రాముల లోపు వాటికీ తప్పనిసరి కాదు, కాబట్టి చాలా ముక్కుపుడకల మీద ముద్ర కనిపించదు. నమోదుకు రుసుము లేదు, ఒకసారి చేస్తే చాలు.

కాగితం మీద ఇది దయగానే ఉంది. వాస్తవంలో నాకు బాధగా ఉన్నది ఒకటుంది. మినహాయింపు ఉన్న కంసాలి ముద్ర లేకుండా అమ్మవచ్చు, కానీ పెద్ద దుకాణాల ప్రకటనలు రోజంతా చూసిన జనం ముద్ర లేని నగను ఇప్పుడు ముట్టరు. వేయించుకుందామంటే పరీక్ష కేంద్రం ఎక్కడో పట్టణంలో ఉంటుంది. పది నగలు పట్టుకుని బస్సులో వెళ్లి, పని మానుకుని రావాలి. పెద్ద దుకాణానికి ఇది లెక్కలోకి రాని ఖర్చు. నియంత్రణలన్నింటికీ ఈ గుణం ఉంది: పెద్దవాడి భుజానికి దూదిమూట, చిన్నవాడి భుజానికి బస్తా. మండలాలకు తిరిగే పరీక్ష బండ్లు ఉంటే బాగుండును.

పరీక్ష చేసేది ప్రభుత్వ ఉద్యోగులేనా?

చాలామంది అలాగే అనుకుంటారు. కాదు. బీఐఎస్ గుర్తింపు పొందిన ప్రైవేటు కేంద్రాలు ఎక్కువ. వ్యాపారి నగలు తెచ్చి, నగకు 45 రూపాయల చొప్పున రుసుము, దాని మీద పన్ను కడతాడు. మొదట ఎక్స్‌కిరణాల యంత్రంతో పైపైన చూస్తారు. తరువాత మచ్చుకు కొద్దిగా లోహం తీసి పుటం పెడతారు. సీసం చేర్చి కొలిమిలో కాలిస్తే రాగి వంటివి మూసలోకి ఇంకిపోతాయి. మిగిలిన వెండిని నత్రికామ్లంలో కరిగిస్తారు. చివరికి నిలిచింది మేలిమి. ముందు తూకం, తరువాత తూకం, అంతే లెక్క. గీటురాయి మీద గీసి కంటితో వన్నె చెప్పే తాతల విద్యకు నేను దండం పెడతాను కానీ, రెండు మూడు పాళ్ల తేడాను కన్ను పట్టలేదు.

బలహీనత కూడా ఇక్కడే ఉంది. పరీక్షించేవాడికి డబ్బు ఇచ్చేది పరీక్షకు నిలబడినవాడే. కఠినంగా ఉండే కేంద్రానికి వ్యాపారులు రెండోసారి వెళ్లకపోవచ్చు. బీఐఎస్ బజారు నుంచి నగలు కొని మళ్లీ పరీక్షిస్తేనే ఈ లోపానికి కళ్లెం పడుతుంది. ప్రభుత్వం చేయాల్సిన అసలు పని అది. ముద్ర వేసేవాడి మీద కన్ను లేకపోతే అది ఇంకో కేడీఎం అవుతుంది.

చిలకలపూడి బంగారానికి ఇవేవీ వర్తించవా?

వర్తించవు. మచిలీపట్నం పక్కన చిలకలపూడిలో చేసే పూత నగలను అలాంటి నగలుగానే అమ్ముతారు. ఎవరూ మోసపోరు. పేరులోనే నిజం చెప్పిన వ్యాపారానికి ముద్ర అక్కరలేదు.

అమెరికాలో ఇలాంటి ముద్ర ఉందా? అక్కడ కొన్న నగలను ఎలా నమ్మాలి?

అమెరికాలో తప్పనిసరి ప్రభుత్వ పరీక్ష లేదు. 1906 నాటి చట్టం ప్రకారం స్వచ్ఛత అంకె కొడితే అది నిజమై ఉండాలి. దాని పక్కన తయారీదారు నమోదిత గుర్తు కూడా ఉండాలన్నది తరువాత చేర్చారు. అబద్ధమైతే దావా వేయాలి. దావాలు త్వరగా తేలే చోట, న్యాయవాది సులువుగా దొరికే చోట ఈ పద్ధతి నడుస్తుంది. వినియోగదారుల కమిషన్‌లో వాయిదాలు తిరిగినవారికి మన దగ్గర అది ఎందుకు కష్టమో వివరించనక్కరలేదు.

ముద్ర ఉంటే ఇక మోసం జరగనట్టేనా?

జరుగుతుంది. ముద్ర స్వచ్ఛతకు మాత్రమే పూచీ. రాళ్లు పొదిగిన నగలో రాళ్ల బరువును బంగారం ధరకు కట్టారా అన్నది అది చెప్పదు. తరుగు నూటికి ఎంత వేశారు, మజూరీ ఎంత అన్నది మీరూ షావుకారూ తేల్చుకోవాల్సిన సంగతి. ఇక్కడ ప్రభుత్వం రాకూడదనే నా మాట. ధరలో బేరం ఆడే శక్తి కొనేవారికి ఉంది, మన ఆడవారికి ఇంకా ఉంది. కానీ బిల్లు లేకుండా బేరం ఆడలేం. నికర బరువు, క్యారెట్, స్వచ్ఛత, హాల్‌మార్కు రుసుము విడివిడిగా రాసిన బిల్లు తీసుకోండి. "బిల్లు లేకపోతే జీఎస్టీ తగ్గుతుంది" అనే మాటకు లొంగితే, రేపు తేడా వచ్చినప్పుడు మీ చేతిలో ఉండేది గాలి.

ముద్ర ఉన్న నగలోనే స్వచ్ఛత తక్కువని తేలితే ఏమి వస్తుంది?

తగ్గిన బంగారం విలువకు రెట్టింపు, పరీక్ష రుసుము అదనం. ఒక లెక్క చూడండి. 40 గ్రాముల గొలుసును 916గా అమ్మారు, పరీక్షలో 850 వచ్చింది. వెయ్యికి 66 పాళ్ల తేడా, అంటే 2.64 గ్రాముల మేలిమి. లెక్క సులువు కోసం మేలిమి గ్రాము 10,000 రూపాయలు అనుకుంటే నష్టం 26,400. పరిహారం 52,800. బీఐఎస్ గుర్తింపు ఉన్న కేంద్రంలో మీరే స్వయంగా పరీక్ష చేయించుకోవచ్చు. నాలుగు నగల వరకు రుసుము 200 రూపాయలు, పన్ను వేరు. ఫిర్యాదు బీఐఎస్ కేర్ యాప్‌లో గానీ, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు గానీ చేయవచ్చు.

ఇంట్లో ఉన్న పాత నగలకు ముద్ర లేదు. అవి చెల్లవా?

ఈ పుకారు 2021లో ఎంతమందిని భయపెట్టిందో! నిబంధన అమ్మే వ్యాపారికి, దాచుకునే మీకు కాదు. ముద్ర లేని పాత నగను వ్యాపారి కొనవచ్చు, మార్పిడికి తీసుకోవచ్చు. అయితే మార్చే ముందు పైన చెప్పిన 200 రూపాయల పరీక్ష చేయించి, ఆ కాగితంతో దుకాణానికి వెళ్లండి. మా అమ్మ గాజులప్పుడు మాకు తెలియని సంగతి ఇదే. రెండో దుకాణం కరిగించి చూపించేదాకా మా చేతిలో ఏ అంకె లేదు. కరిగాక అడగడానికి గాజులు లేవు.

వెండి పట్టీలకు?

2025 సెప్టెంబరు నుంచి వెండికీ హెచ్‌యూఐడీ వచ్చింది, ప్రస్తుతానికి స్వచ్ఛందమే. బంగారానికి ఇరవై ఒక్క ఏళ్లు పట్టింది. వెండికి ఎన్నేళ్లు పడుతుందో పట్టీలు కొనేవారు దుకాణంలో ఎంత గట్టిగా అడుగుతారన్న దాన్ని బట్టి ఉంటుంది.